తాడు కొలత

"నిచ్చెన మీద ఉండగా లోపలిది ఊడిపోతే ఏం చేస్తావే?" అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. ఎండలు ఇంకా ముదరలేదు. మా అమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని ఉడికించిన గుడ్డు పెంకు వలుచుకుంటోంది. నా మాటకి తలెత్తనైనా లేదు. నేను ఇలాంటివి రోజూ అడుగుతూనే ఉంటాను. గ్యాసు లీకయితే ఏం చేస్తాం, బస్సుకి బ్రేకులు పడకపోతే ఏం చేస్తావ్, ఆ పెంకు ముక్క గొంతులో అడ్డం పడితే ఏం చేస్తావ్. అందుకే మా ఇంట్లో నాకు ఎవరూ జవాబు చెప్పరు. నా ప్రశ్నలు ఫ్యాను చప్పుడులాంటివి. ఆగిపోతే తప్ప ఎవరికీ వినపడవు.

ఆ ఏడే ఫైర్ స్టేషన్‌లో ఆడపిల్లల్ని కూడా తీసుకుంటామని మొదటిసారి చెప్పారు. వేసవి చివర పరీక్ష. మైదానం చుట్టూ పరుగు, భుజాన ఇసుక బస్తాతో నడక, ఆ తర్వాత మూడంతస్తుల ఎత్తు ఇనుప నిచ్చెన ఎక్కి దిగడం. మా పిల్లకి వయసు ఆ ఒక్కసారికే సరిపోతుంది. వచ్చే ఏడు వస్తామన్నా రానివ్వరు. అది చెప్పుల షాపులో కౌంటరు దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని బాగా లావెక్కింది. ఆ షాపు కాస్తా మూసేశారు. "ఇంక కూర్చునే ఉద్యోగం చెయ్యనమ్మా" అంది. తెల్లారకుండానే లేచి మైదానానికి పరిగెత్తడం మొదలుపెట్టింది.

మొదట మొహం తగ్గింది. తర్వాత మెడ ఎముకలు బయటపడ్డాయి. నాకు భయం పట్టుకుంది. పరిగెడితే తగ్గుతారని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ అది పడుకున్నాక వెళ్లి నుదురు తడిమి చూసేదాన్ని. దిండు మీద వెంట్రుకలు ఏరి చూసేదాన్ని. దగ్గితే రుమాలు అడిగి తీసుకునేదాన్ని.

మా ఆయన అక్క మా పక్క వాటాలోనే ఉంటుంది. ఆవిడ మా పిల్లని చిన్నప్పటి నుంచీ గుమ్మడి అనే పిలుస్తుంది.

"ఏమే గుమ్మడీ, ఎండి సొరకాయవైపోయావే. మీ అమ్మ తిండి పెట్టడం మానేసిందా?" అనేది.

"పెడుతుందత్తా. భయం కూడా కలిపి పెడుతుంది, అందుకే ఒంటికి పట్టడం లేదు" అనేది మా పిల్ల.

ఇద్దరూ నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి బ్రా అని రాస్తున్నాను. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. లోపలిది అంటాం. దాన్ని కొనుక్కోవడం కూడా మా ఇంట్లో లేదు. మా వదిన భారీ మనిషి. ప్రతి వేసవిలో బీరువా సర్ది, తను వాడి విడిచినవి ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి తెచ్చి మంచం మీద పడేస్తుంది. "బంగారంలా ఉన్నాయి, మరో రెండేళ్లు ఢోకా లేదు" అంటుంది. మొదట నేను వాడాను. పిల్ల ఎదిగాక పిల్ల వాడింది.

నేను లాండ్రీలో పని చేస్తాను. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు మా దగ్గరికే వస్తాయి. వాటి మీద ఏమేం ఉంటాయో చెప్తే మీరు మళ్లీ ఏ హోటల్లోనూ పడుకోరు. అవన్నీ ఈ చేతుల్తో విడదీసి ఉతికే నేను, మా వదిన సంచి విప్పినప్పుడు మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. తెలుపూ కాదు, పసుపూ కాదు, రోగం రంగు. చంకల దగ్గర ఆవిడ పౌడరు చెమటతో కలిసి అట్టకట్టి గట్టిపడి ఉండేది. పట్టీ లాగితే లోపల రబ్బరు పిట్పిట్‌మని తెగేది, మళ్లీ దగ్గరకి వచ్చేది కాదు. సోడాలో నానబెట్టినా ఆవిడ వాసన పోయేది కాదు. ఆ వాసన నా పిల్ల ఒంటి మీద తగిలినప్పుడల్లా మొహం తిప్పుకునేదాన్ని.

ఆరేయడం కూడా అంతే. వెనక సందులో, ఎండ తొంగి చూడని చోట, తీగ మీద వేసి పైన తువ్వాలు కప్పాలి. ఎవరూ చూడకూడదు. ఎవరి కంటా పడేవి కావు గానీ ఎప్పుడూ ఆరేవి కావు. ఆ చెమ్మవే వేసుకుని పిల్ల పరుగుకి వెళ్లేది. తిరిగి వచ్చి విప్పి బకెట్లో వేస్తే, బాత్‌రూం అంతా వానకి తడిసిన కుక్క వాసన.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పిల్ల అద్దం ముందు నిలబడి చెయ్యి పైకెత్తింది.

"ఇటు చూడమ్మా. చెయ్యెత్తితే మొత్తం పైకి వచ్చేస్తోంది. హుక్కులు చివరి వరసకి వచ్చేశాయి, ఇంక లేవు. అత్త సైజుకీ నాకూ ఇప్పుడు పోలికే లేదు. కొత్తవి కొందాం."

నాకు లోపలివి అమ్మే షాపు గుర్తొచ్చింది. వీధి చివర ఉంది. కౌంటరు వెనక ఒక మగమనిషి ఉంటాడు. పెళ్లికి ముందు ఒకే ఒక్కసారి వెళ్లాను. వాడు చూసిన చూపు ఇంటికొచ్చి కడుక్కున్నా పోలేదు.

"పరీక్ష అయ్యాక చూద్దాం. ఇంకా ఎంత తగ్గుతావో ఏమో. ఇప్పుడు కొంటే అవీ వదులవుతాయి. ఇలా తే, కుట్టి ఇస్తా" అన్నాను.

భుజాల మీది పట్టీలు పొట్టి చేసి కుట్టాను. జారుతున్నవి అవే కదా అనుకున్నాను. వారం తిరక్కుండా పిల్ల భుజాల మీద రెండు ఎర్రటి గాళ్లు పడ్డాయి. పట్టీలు పైకి లాగుతుంటే వీపు వైపు గుడ్డ మెడ దాకా పాకింది. అది వెనక పిన్నీసు పెట్టుకుంది.

"పిన్ను ఊడి వీపులో దిగితే? తుప్పు పట్టిన పిన్నది. ధనుర్వాతం వస్తే?" అని లాక్కున్నాను. వెనక గుడ్డ మడిచి, లాండ్రీ నుంచి తెచ్చిన గట్టి దారంతో నాలుగు వరసలు బిగించి కుట్టాను. కొరికి చూశాను, దారం తెగలేదు.

"ఇప్పుడు ఏనుగు లాగినా రాదు" అన్నాను.

"ఏనుగు ఎక్కదులేమ్మా నిచ్చెన" అంది పిల్ల.

పరీక్షకి ముందు మైదానంలో ఒక ట్రయల్ పెట్టారు. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన మాస్టారు ఒకాయన పిల్లలకి నేర్పిస్తుండేవాడు. ఆయనే పెట్టించాడు. నేను నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని కంచె బయట నిలబడ్డాను. మా పిల్ల బాగానే పరిగెత్తింది. బస్తా కూడా మోసింది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి నేను సీసా మూత తీయడం, బిగించడం మొదలుపెట్టాను. కాలు జారితే, మెట్టు విరిగితే, కళ్లు తిరిగితే. అన్నీ అనుకున్నాను.

సగం ఎక్కి ఆగిపోయింది.

కుడిచెయ్యి మెట్టు మీద ఉంది. ఎడమ మోచేతిని డొక్కకి గట్టిగా అదుముకుంది. పైకి వెళ్లదు, కిందికి రాదు. దారం కొత్తది, గుడ్డ పాతది. దారం అలాగే ఉంది, దాని పక్కనే గుడ్డ చీరుకుపోయింది. లోపలిది మొత్తం జారి టీషర్టు అంచు కింద నుంచి ఒక పట్టీ వేలాడుతోంది. తోకలాగా. ఆ రోగం రంగు పట్టీ. పట్టపగలు, అంతమంది ముందు.

కింద వరసలో ఉన్న కుర్రాళ్లు చూశారు.

"అక్కా, పార్శిల్ జారింది, పట్టుకోమంటావా?"

"ఒరేయ్, తాళ్లు కూడా వాళ్లే తెచ్చుకుంటున్నార్రా."

ఒకడు ఫోను తీశాడు. నవ్వులు. ఆ నవ్వు తెలుసు నాకు. హోటల్ దుప్పట్లలోంచి వచ్చే వాసన ఎలా ఉంటుందో ఆ నవ్వూ అలాగే ఉంటుంది. మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మొహం తిప్పుకోవడంలో కూడా ఏదో పెంట తొక్కినట్టు.

"దిగమ్మా, దిగు. ఆడపిల్లలతో ఇదే గొడవ. ముందు బట్టలు సరిగ్గా వేసుకుని రండి" అన్నాడు.

అది ఒంటిచేత్తో దిగింది. ఒక్కో మెట్టూ. నేను లోపలికి పరిగెత్తి తువ్వాలు కప్పబోయాను. నా చెయ్యి తోసేసి నడిచి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఆ చిరిగినదాన్ని బకెట్లో విసిరికొట్టింది. నీళ్లు గోడ దాకా చిందాయి. గదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే, నాతో మాటలు లేవు. మర్నాడు మైదానానికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. పళ్లెం పెడితే తింటుంది, పిలిస్తే చూస్తుంది, నోరు మాత్రం తెరవదు.

"ఏమైంది దానికి?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు."

ఆయన బాత్‌రూంలోకి వెళ్లి, బకెట్లో తేలుతున్నదాన్ని చూసి, మళ్లీ ఏమీ అడగకుండా బయటికి వచ్చాడు.

"నాతో మాట్లాడకపోతే మానెయ్. గ్రౌండుకి మాత్రం వెళ్లు" అని పిల్లని బతిమాలాను. పరీక్ష దగ్గర పడుతోంది. ఇది వెళ్లకపోతే ఏమవుతుందో నాకు కళ్లకి కట్టినట్టు కనపడసాగింది. మళ్లీ ఏదో ఒక కౌంటరు. మళ్లీ కుర్చీ. జీవితాంతం ఆ నిచ్చెన సగంలో మోచెయ్యి అదుముకుని నిలబడే ఉంటుంది.

చివరికి చెయ్యి పట్టుకుని షాపుకి లాక్కెళ్లాను. ఆ మగమనిషికి ఇప్పుడు జుట్టు నెరిసింది. చూపు మాత్రం అదే. అట్టపెట్టెల గోడ ముందు కూర్చుని, పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"మీకా, పాపకా?"

"పాపకి."

మా పిల్లని మెడ కింద నుంచి మొదలుపెట్టి చూశాడు. తక్కెడలో వంకాయలు పోసి చూసినట్టు చూశాడు. పుల్ల నోట్లోంచి తీశాడు.

"ముప్పై ఆరు… ఊహూ. ఈ మధ్య తగ్గినట్టుంది, జారాయి. ముప్పై నాలుగు చాలు."

జారాయి అన్నాడు. నా పిల్లని. పళ్లు కుట్టుకున్న అదే పుల్లతో చూపిస్తూ అన్నాడు. ఏదో ఒకటి అందామని నోరు తెరిచేలోపు పక్కన పిల్ల లేదు. రోడ్డు దాటేసింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. లాండ్రీలో మూటలు కట్టే నూలు తాడు ఒకటి సంచిలో ఉంటే తీసుకుని గదిలోకి వెళ్లాను. అది గోడ వైపే తిరిగి ఉంది.

"లే. టీషర్టు తియ్" అన్నాను.

లేవదనుకున్నాను. లేచింది. టీషర్టు తీసి, మొహం కిటికీ వైపు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

పెద్దదయ్యాక దాని ఒంటిని నేను చూడలేదు. భుజాల మీద నా కుట్లు దింపిన గాళ్లు నల్లబడి ఉన్నాయి. వీపు మధ్యలో నేను మడిచి కుట్టిన గుడ్డ ఒరుసుకుని చర్మం లేచిపోయింది. రొమ్ముల కింద, చెమ్మ నిలిచే చోట, ఎర్రగా పొక్కి, అంచుల్లో తెల్లగా పొట్టు రేగుతోంది. వాసన. దాని వాసన కాదు. మా వెనక సందు వాసన, మా తువ్వాలు కింది వాసన, మా వదిన సంచి వాసన. నేను దుప్పటి మీద చూస్తే పటకారుతో పట్టుకుని పక్కన పడేసేదాన్ని, ఈ పిల్ల ఇన్నాళ్లూ ఒంటికి కట్టుకుని పరిగెత్తింది.

ఈసారి మొహం తిప్పుకోలేదు.

మా లాండ్రీలో తడి దుప్పట్ల మూటని భుజానికి వేలాడదీసుకుంటే కాసేపటికే చెయ్యి పడిపోతుంది. నడుముకి పట్టీ బిగించి దాని మీద ఆనిస్తాం. అప్పుడు భుజానికి తెలియదు. రోజూ చేసే పనే. పిల్ల భుజాల మీది గాళ్లు చూస్తుంటే అది గుర్తొచ్చింది. మూట అంతా తీసుకెళ్లి భుజాలకి తగిలించి, కింద పట్టీ వదులుగా వదిలేశాం.

తాడుని రొమ్ముల కింద చుట్టూ తిప్పి బిగించాను.

"బిగువుగా ఉందా?"

గట్టిగా ఊపిరి పీల్చింది. తాడు ఒత్తుకుంది. కాస్త వదిలాను. మళ్లీ పీల్చి వదిలింది. ఈసారి తాడు కదలకుండా దానితోపాటే లేచి దిగింది. అక్కడ గుర్తుగా ముడి వేశాను. ఇంకో తాడు ముక్క రొమ్ముల మీదుగా చుట్టి దానికీ ముడి వేశాను. తర్వాత కొబ్బరినూనె గిన్నె తెచ్చి పెట్టి, గది తలుపు దగ్గరకి వేసి బయటికి వచ్చాను.

సాయంత్రం ఒక్కదాన్నే షాపుకి వెళ్లాను. గాజు బల్ల మీద రెండు తాళ్లూ పరిచాను.

"ఏంటమ్మా ఇది?"

"కొలత."

"అలా కుదరదమ్మా. పాపని తీసుకురండి. ఒకసారి చూస్తే చెప్పేస్తాను, ముప్పై ఏళ్ల సర్వీసు."

"చూడక్కర్లేదు."

"పోనీ మీ పోలికేనా?" అని కళ్లు నా మెడ కిందికి దించాడు.

"నన్ను కాదు. తాడుని చూడు" అన్నాను.

వీడు అరిస్తే, బయటికి గెంటితే, వీధిలో అందరికీ చెప్పి నవ్వితే. అన్నీ అనిపించాయి. కాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. వాడు పుల్ల పారేసి పెట్టెలు దించాడు. ఒక్కొక్కటీ విప్పి తాడు పక్కన పరిచి, లాగి, వదిలి చూశాను. బిగువు కింది పట్టీలో ఉండాలి. మొదటి హుక్కుకే ముడి సరిపోవాలి. పిల్ల ఇంకా తగ్గినా, గుడ్డ సాగినా, లోపలి హుక్కులు మిగిలి ఉండాలి. నచ్చనివి పక్కకి తోశాను. బల్ల నిండిపోయింది. వాడు గొణుగుతూనే ఉన్నాడు. "బ్రా కొంటున్నారా, బర్రెని కడుతున్నారా?" అని కూడా అన్నాడు. నేను తలెత్తలేదు.

చివరికి ఒకటి కుదిరింది. వెడల్పు పట్టీ, మందపాటి గుడ్డ. పొట్లం అందుకుని వెనక్కి తిరిగితే, నా వెనక వరసలో నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. అందరూ చేతిసంచుల్ని రొమ్ముకి హత్తుకుని నిలబడి ఉన్నారు. నేనూ నా సంచిని అలాగే పట్టుకుని ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

పొట్లం పిల్ల మంచం మీద పెట్టాను. పిల్ల దాని వైపు చూడలేదు. కానీ తెల్లారేసరికి పొట్లం ఖాళీగా ఉంది, గడప దగ్గర బూట్లు లేవు.

మాటలు మాత్రం రాలేదు. రోజూ వెళ్లేది, వచ్చేది. రాగానే నేను కొత్తదాన్ని ఉతికి, ముందు వరండాలో, మిట్టమధ్యాహ్నపు ఎండ పడే తీగ మీద వేసేదాన్ని. తువ్వాలు కప్పలేదు.

మా వదిన చూసింది.

"అదేంటమ్మాయ్, జెండాలా ఎగరేశావు? మగాళ్లు తిరిగే చోటు."

"ఎండ తగలాలి వదినా."

"సిగ్గు లేకపోతే సరి. ఏదైనా కప్పు."

"కప్పి కప్పి పిల్లకి ఒళ్లంతా పుండ్లు పడ్డాయి."

లోపలికి వెళ్లి ఆవిడ సంచి తెచ్చి చేతిలో పెట్టాను. "ఇవిగో వదినా. బంగారం కదా, మా ఇంట్లో భద్రంగా ఉండవు. మీరే దాచుకోండి."

ఆవిడ సంచి మూతి విప్పి లోపలికి చూసింది. ఏమనుకుందో, వెంటనే మూసేసి ముక్కు తుడుచుకుంది.

మా ఆయన పనికి వెళ్తూ తీగ దగ్గర ఆగాడు. ఆయన చొక్కా నీడ దాని మీద పడుతోంది. ఆయన కళ్లు నేల మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం పైకెత్తి చొక్కాని పక్కకి జరిపాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు గేటు లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. గోడ ఎత్తుగా ఉంది. ఏమీ కనపడదు. విజిల్ వినపడింది. బూట్ల చప్పుడు వినపడింది. లోపల ఎవరో నవ్వారు. చాలామంది నవ్వారు. దేనికో తెలియదు. గోడ పక్కన కూర్చుని, చల్లటి సిమెంటుకి తల ఆనించాను. గేటు తెరిచిన ప్రతిసారీ లేచాను.

పిల్ల బయటికి వచ్చింది. దుమ్ము, చెమట, ఒక మోకాలు గీరుకుపోయి ఉంది. రెండు చేతులూ మామూలుగా పక్కన ఊపుకుంటూ నడుస్తోంది.

"ఏమైనా ఊడిందా?" అన్నాను. అదే వచ్చింది నోటికి.

నీళ్ల సీసా తీసుకుని ఆగకుండా తాగింది. బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. పరీక్ష పోయిందనుకున్నాను. పోతే పోయింది, కాళ్లూ చేతులూ ఉన్నాయి అనుకున్నాను. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయా, దుమ్ముకా అని పక్కనుంచి చూస్తూ కూర్చున్నాను. స్టాపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, పోయాయి. ఇంకోసారి అడగలేదు. ఎంత కష్టమైందో నాకే తెలుసు.

ఇంటికి వచ్చి తిన్నగా బాత్‌రూంలోకి వెళ్లింది. పంపు చప్పుడు. చాలాసేపు. తడి జుట్టుతో బయటికి వచ్చింది. బ్రాని తనే ఉతికి పిండి పట్టుకొచ్చింది. ముందు వరండాలోకి వెళ్లి, వాళ్ల నాన్న చొక్కా పక్కన వేసి, ముడతలు లాగి, క్లిప్పు పెట్టింది. వీపు నా వైపు ఉంది. తీగ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది.

"ఏదీ ఊడలేదు" అంది.

నేను వంటింటి గడప మీద కూర్చుండిపోయాను.

"సోమవారం నుంచి ట్రైనింగుకి రమ్మన్నారు. ఇంకో రెండు కావాలమ్మా. ఆ తాడు పారెయ్యకు."